కారులో మద్దెల

మా నాయనకు చెవులు పోయి చాలా ఏళ్లయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు ఫోన్లో మాటలు పోయాయి, తర్వాత టీవీ, ఆ తర్వాత ఎదురుగా కూర్చున్న మనిషి. చెవికి మిషన్ పెట్టించాం. దాంట్లో మాట, మిక్సీ, వాన అన్నీ ఒకే గరగరగా వస్తున్నాయని తీసి కళ్లజోడు పెట్టెలో వేసేశాడు. అప్పటి నుంచి ఆయన మా పెదవులు చూసి తనకు కావలసిన మాట తీసుకునేవాడు. అక్కర్లేనిది వదిలేసేవాడు.

వయసులో ఉండగా ఆయన భారతం ఆటలకు మద్దెల వాయించేవాడు. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. చెరకు, వేరుశనగ పండించుకుంటూనే ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వాయించాడు. నాకు ఊహ తెలిసేనాటికే ఆ తిరుగుడు తగ్గిపోయింది. అయినా అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా పీట అంచు మీద ఆయన వేళ్లు ఆడుతూ ఉండేవి. చెవులతో పాటు అదీ ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి మేము చాలా రోజులకు గానీ గమనించలేదు.

మా తమ్ముడు ఇంకొకటి గమనించాడు. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకుపోతున్న డీజే బండి చంద్రగిరి బజారులో పోతుంటే, నాయన ఎరువుల అంగడి ముందు నిలబడి ఉన్నాడట. బండి దగ్గరికి రాగానే చేతిసంచి కింద పెట్టి, అరచెయ్యి అంగడి షట్టరుకు ఆనించాడట. తమ్ముడు చూస్తూ ఉండగా ఇటు తిరిగి, "ఎవురో కొడతా ఉండారు రా" అన్నాడట. ఆ మొహం నేను చూడలేదు. తమ్ముడు ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పాడు. చిత్తూరులో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ మూసే వేళ అది.

"అక్కా, మామూలు స్పీకర్లు చెవికి. డీజే బండి ఊఫర్లు ఒంటికి. నాయనకు చెవులు పోతే ఏమి, ఒళ్లు ఉండాది గదా."

"ఏం చేస్తావురా?"

"కారులో పెడతా. ఇంట్లో అయితే గోడలన్నీ అదిరి పక్కింటోళ్లు కొట్లాటకొస్తారు. కారయితే మూసిన డబ్బా. సీట్లో కూర్చుంటే చాలు."

తమ్ముడు దామలచెరువు దాటాక ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. తీగల పని వాడి ఉద్యోగం కాదు, పిచ్చి. ఆ పాత కారును చేతికొచ్చిన నాటి నుంచి ఏదో ఒకటి విప్పి బిగిస్తూనే ఉండేవాడు. అంతకు ముందు ఎండాకాలం మా ఊరి భారతంలో మద్దెల రికార్డు చేసి ఉంచుకున్నాడు. అది పెన్ డ్రైవులో ఉంది. ఇక నాయన ఒంటికి దాన్ని అందించడమే మిగిలింది.

దసరా నాటికి పని చాలావరకు అయింది. బ్యాటరీ నుంచి లావు కేబులు తీసి, కాళ్ల కింది కార్పెట్టు లోపలగా డిక్కీ దాకా లాగాడు. వెనక సీటు బోల్టు దగ్గర రంగు గీకి ఎర్తు బిగించాడు. యాంప్లిఫయరును సీటు వీపుకు స్క్రూలతో పట్టించాడు. ప్లైవుడ్డుతో రెండు పెట్టెలు తనే కోసి, ఒక్కొక్క దాంట్లో ఒక ఊఫరు బిగించాడు. ఆయుధపూజ నాడు కారుతో పాటు వాటికీ బొట్లు పెట్టారు. పెట్టెల తీగలు యాంప్లిఫయరుకు కలపడం, స్టీరియో వెనక నుంచి ఒక సన్న తీగ లాగడం, ఆ రెండు పనులే ఉండిపోయాయి.

తర్వాత వానలు పట్టుకున్నాయి. తమ్ముడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు, తర్వాత కాదన్నారు. తిరుపతిలో ఆసుపత్రి బయట నేనూ మా మరదలూ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నాం. దాని గురించి ఇంతకంటే రాయలేను. ఆ వారమంతా మేం చెయ్యగలిగిన పని ఏదీ లేకపోయింది. చెప్పిన మందు తేవడం, చెప్పిన చోట సంతకం పెట్టడం తప్ప.

చావు గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. లైబ్రరీలో పనిచేసే వాళ్లకు అదొక సౌకర్యం. ఆ రోజుల్లో అవి మళ్లీ తీశాను. బాగా రాసినవే. నాకు అక్కరకు రాలేదు.

కర్మలన్నీ అయిపోయాక నాయన కారులో కూర్చోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లి, వెనక సీట్లో కుడి పక్కన కూర్చుని, తలుపు వేసుకుని, అరచెయ్యి పక్కన సీటు మీద పరుచుకునేవాడు. కాసేపుండి లోపలికి వచ్చేసేవాడు. అక్కడ ఏమీ మోగడం లేదని ఆయనకు తెలియదా అంటే, తెలుసు. నేను శనివారం శనివారం చిత్తూరు నుంచి వచ్చి చూసేదాన్ని. మా మరదలు రోజూ చూసేది. అమ్మ ఎప్పుడో పోయింది కనుక ఆ ఇంట్లో మిగిలింది మామా కోడలూ ఇద్దరే.

ఎండాకాలం వచ్చింది. ఊళ్లో భారతానికి జెండా ఎక్కించారు. ఏడాది తిరగని ఇల్లు కాబట్టి మా ఇంటి నుంచి ఎవరూ గుడి గడప తొక్కకూడదు. ఆ శనివారం అన్నం తింటూ నాయన ఎవరికీ చెప్పనట్టుగా, "ఈ యేడు ఎవురు వాయిస్తా ఉండారో" అన్నాడు. తర్వాత మరదలి వైపు తిరిగి, "కారులో అది ఎప్పటికవుతాదమ్మా?" అని అడిగాడు.

అది వాడితోనే పోయిందని మా ఇద్దరిలో ఎవరమూ చెప్పలేకపోయాం. మరదలు పెదవులు బాగా కదిలేట్టు, "అయిపోతాది మామా" అంది.

మర్నాడే రేణిగుంట రోడ్డులో కార్లకు ఆడియో బిగించే అంగడికి వెళ్లాం. మరదలే నడిపింది. అంగడి మనిషి డిక్కీ తెరిచి, కార్పెట్టు అంచు ఎత్తి చూసి, మళ్లీ వేసేశాడు.

"ఎవురు చేసినారు మేడం ఇది?"

"మా ఇంటాయన" అంది మరదలు.

"ఆయన్నే పూర్తి చేసుకోమనండి. ఒకరు మొదలుపెట్టిన దాంట్లో మేం సెయ్యి పెట్టము. రేపు పొగ వస్తే నా పేరే చెబుతారు."

"ఆయన లేడప్పా."

అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, "అయితే మొత్తం పీకేసి కొత్త కేబులు లాగుతాను. సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. మెత్తగానే అన్నాడు. అతను చెప్పింది సరైన పద్ధతేనని నాకు తోచింది. మరదలు మాత్రం డిక్కీ మూసేసింది.

"పీకొద్దు వదినా" అంది కారులో కూర్చున్నాక. "ఆ కార్పెట్టు ఎత్తి, బోర్లా పడుకోని లాగినాడు అదంతా. నేనే టార్చి పట్టుకోనుంటిని."

అలా ఆ పని మా మీద పడింది. నేను ఫోన్లో చదివాను. ఓమ్ముల గురించి, ఫ్యూజుల గురించి చదివాను. చదివింది అర్థమైంది. అర్థం కావడానికీ, డిక్కీలో తల దూర్చి తీగను కన్నంలో పెట్టడానికీ సంబంధం లేదని తర్వాత తెలిసింది. స్క్రూ డ్రైవరు నా చేతిలో నిలబడేది కాదు. మరదలు నవ్వేది. "వదినా, అది పెన్ను కాదు, అట్లా పట్టుకోకు" అనేది.

ఇంటి ముందే డిక్కీ తెరిచి పెట్టుకున్నాం కనుక పక్కింటి పెద్దమ్మ రానే వచ్చింది.

"ఏంమే, కారులో డీజే కడతా ఉండారంట. ఏడాది కూడా తిరగలేదే ఇంకా."

"మాకు గాదు పెద్దమ్మా, మామకు" అంది మరదలు, తల ఎత్తకుండానే.

"ఆయనకు చెవుడు గదా!"

"అందుకే."

పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "చెవిటోడి ముందర శంఖం ఊదితే, ఏంది అట్లా కొరకతా ఉండావు అన్నాడంట. ఊళ్లో వింటే నవ్వుతారమ్మే."

"నవ్వనీలే పెద్దమ్మా. కాస్త ఈ పెట్టె ఆ కొస పట్టుకో, బరువుగా ఉండాది."

పెద్దమ్మ గొణుగుతూనే పట్టుకుంది.

పెట్టెల నుంచి బయటికి వచ్చినవి పారదర్శకంగా ఉండే జంట తీగలు. రెండు పాయలూ చూడటానికి ఒకటే. ఏది ప్లస్సో తెలియడానికి తమ్ముడు ఒక పెట్టె తీగ మీద ఒక పాయకు మరదలి గోళ్ల రంగు పూశాడు, ఎర్రగా. రెండో పెట్టె తీగ మీద కూడా కొస దగ్గర ఒక పాయకు ఎర్రమచ్చ ఉంది. ఎర్రవి ప్లస్సుకు, ఉత్తవి మైనస్సుకు కలిపాను. స్టీరియో వెనక తమ్ముడు చుట్టి వదిలేసిన ఆ సన్న నీలం తీగను మరదలు డాష్ బోర్డు కింద వెతికి తీసి యాంప్లిఫయరు దాకా లాగింది. తాళం తిప్పితే యాంప్లిఫయరు మీద చిన్న లైటు వెలిగింది. మేమిద్దరం కాసేపు ఆ లైటునే చూస్తూ నిలబడ్డాం.

పెన్ డ్రైవులో ఒక సినిమా పాట పెట్టాం. వేలితో తాకితే ఊఫర్ల అట్టలు రెండూ అదురుతున్నాయి. కానీ వెనక సీట్లో నేను కూర్చుంటే ఏమీ లేదు. పాట వినబడుతోంది, ఒంటికి ఏదీ తగలడం లేదు. వాల్యూము పెంచాం. గట్టిగా వినబడిందే తప్ప అదురు రాలేదు.

ఇంతలో నాయన వచ్చి తన చోట కూర్చున్నాడు. అరచెయ్యి పెట్టాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఆ, కొడతా ఉండాది" అన్నాడు. "బాగుండాది."

మరదలు స్టీరియో ఆపేసింది. ఆయన చూడలేదు. తల ఊపుతూనే, "బాగుండాదమ్మా" అన్నాడు.

ఆ వారమంతా నాకు చిత్తూరులో ఆ మాటే గుర్తొచ్చింది. మా కోసం ఆయన అలా చెబుతున్నాడు. ఒకవేళ ఎప్పటికైనా అది సరిగ్గా మోగినా ఆయన అదే మాట చెబుతాడు. ఆయనకు అందిందో లేదో ఇక మాకు తెలిసే దారి లేదు. చెవిటివాణ్ణి నిజం చెప్పమని సైగలతో ఎలా అడగాలో నాకు తెలియదు. చెవులున్న వాణ్ణయినా ఎలా అడగాలో తెలియదేమో.

బుధవారం మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఒక ఇది జరిగింది. డిక్కీ ఊడుస్తా ఉంటే ఒక పెట్టె తీగ ఊడొచ్చింది. పాట పెట్టినా. ఒక్క పెట్టెతోనే ధన్ ధన్ అని అదిరింది. మళ్లా రెండోది కలిపితే పోయింది."

"ఒకటే ఉంచితే?"

"ఒకటి వద్దు. ఆయన రెండు చేసినాడు గదా. రెండూ పని చెయ్యాల."

చదివితే కారణం దొరికింది. రెండు ఊఫర్లలో ఒకదానికి ప్లస్సు మైనస్సు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు నెట్టినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. రెండూ పని చేస్తూనే ఉంటాయి, బయటికి మాత్రం ఏమీ రాదు. చూసుకోవడానికి ఒక టార్చి సెల్లు చాలునని కూడా చదివాను. శనివారం సెల్లు కొసలు తీగలకు తాకించాం. గోళ్ల రంగు ఉన్న పెట్టెలో అట్ట బయటికి వచ్చింది. రెండో పెట్టెలో లోపలికి పోయింది.

"ఎర్రదానికే గదా పెట్టినావు?" అంది మరదలు.

"ఎర్రదానికే."

ఆమె ఆ తీగ చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది. బొటనవేలితో రుద్దింది. ఎరుపు వేలికి వచ్చింది.

"ఇది రంగు కాదు వదినా. కుంకుమ. ఆయుధపూజకు నేనే పెట్టింటి. ఏది చేతికి దొరికితే దానికి పెట్టేసినాను, నూనె వేలితో."

వేలు చున్నీ అంచుకు తుడుచుకుంది. తర్వాత తీగ తిప్పి పట్టుకుని నాకు అందించింది. నేను బిగించాను. ఈసారి సినిమా పాటకు డిక్కీ తలుపు గలగలలాడింది. గోడ మీది నుంచి పెద్దమ్మ, "ఓయమ్మో, ఇల్లు పడేసేటట్టుండారే" అని కేకేసింది.

నాయనను పిలిచాం. వచ్చి కూర్చున్నాడు. మేము ముందు సీట్లలో ఆయన వైపు తిరిగి కూర్చున్నాం. మరదలు భారతం రికార్డు పెట్టింది. మొదట జనం గోల, ఎవరో కుర్చీలు లాగడం, తర్వాత మద్దెల.

నాయన అరచెయ్యి పరిచాడు. మా మొహాలు చూశాడు. "బాగుండాది" అన్నాడు, పోయినసారి అన్నట్టే.

నేను కిటికీ బయటికి చూశాను. ఇంతే అనుకున్నాను.

"ఎవుడు వీడు?"

తిరిగి చూస్తే ఆయన కనుబొమలు ముడిపడి ఉన్నాయి. మమ్మల్ని చూడటం లేదు. సీటును చూస్తున్నాడు.

"ఎడమ సెయ్యి పడిపోతా ఉండాది. సూడు, మళ్లా. ఎవుడు వీణ్ణి ఆటకు కూర్చోబెట్టింది?"

మరదలు నా భుజం గట్టిగా పట్టుకుంది. ఇద్దరం నవ్వేశాం. మద్దెలవాడి తప్పు మేము ఎవరమూ ఆయనకు చెప్పలేదు. మాకు తెలియదు కూడా. అది ఆయనకు ఆ సీటులోంచే వచ్చింది. తమ్ముడు పోయాక ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదలు.

నాయన నవ్వలేదు. రెండో అరచెయ్యి కూడా తెచ్చి సీటు మీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"వాడే" అన్నాడు.

"ఎవురు మామా?" అంది మరదలు. ఆయన ఆమె పెదవులు చూడలేదు.

"మన వాడే గదా ఇది. కుడి సెయ్యి బాగానే పోతాది వానికి. ఎడమది వెనక వస్తాది. ఎన్ని తూర్లు చెప్పినా అంతే."

మద్దెలకు కుడి మూత సన్నగా పలుకుతుంది, ఎడమ మూత లావుగా. ఊఫర్లలోంచి వచ్చేది ఆ లావు శబ్దమే. అంటే ఆయన చేతులకు అందుతున్నది దాదాపు ఎడమ చెయ్యి ఒక్కటే. ఇది నాకు చదివిన దాన్నిబట్టి తెలుసు. కానీ ఆ వాయించేది తమ్ముడని నాకు తెలియదు. మరదలి వైపు చూశాను.

ఆమె నవ్వు పోయింది. "ఆట మొదలుగాక ముందు కాసేపు కూర్చున్నాడు వదినా" అంది. "మద్దెలాయన టీ తాగేదానికి పోయుండాడు. అందరూ ఎగతాళి చేసినారు. ఫోను నా చేతిలోనే ఉండె. అదీ ఇందులో పడిందని నేను అనుకోలా."

చిన్నప్పుడు నాయన వాడికి నేర్పించే ప్రయత్నం చేశాడు. వాడు కొన్నాళ్లు కూర్చుని లేచిపోయాడు. అంతకు మించి నాకు గుర్తు లేదు. వాడి ఎడమ చెయ్యి వెనకబడుతుందన్న సంగతి నేను వాడి అక్కనై ఉండీ ఎన్నడూ ఎరగను.

నాయన ఎడమ చెయ్యి ఎత్తి సీటు మీద వేశాడు. "ముందు" అన్నాడు. "ముందు వెయ్యి." మళ్లీ వేశాడు. ప్రతిసారీ ఆయన దెబ్బ పడ్డాకే తమ్ముడిది పడుతోంది. అంత దగ్గరగా విన్నాక నాకూ తెలిసింది, కొంచెమే తేడా. ఆయన ఇంకా గట్టిగా వేశాడు. "ఇట్లా రా. ఇట్లా. నన్ను సూడు." గొంతు పెద్దదైంది. చెవులు లేనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు.

"ఆపమంటావా వదినా?" అంది మరదలు. ఆమె చెయ్యి స్టీరియో దగ్గర ఉంది.

 ఆపితే ఆయన చేతి కింది నుంచి వాణ్ణి తీసేసినట్టవుతుంది. ఆపకపోతే వాడు ఎప్పటికీ వెనకే వస్తాడు. ఆ కారులో మేం కలిపిన తీగల్లో దేన్ని అటూ ఇటూ మార్చినా ఆ చెయ్యి ముందుకు రాదు.

రికార్డులో మద్దెల ఆగింది. ఎవరో ఏదో అన్నారు, కొందరు నవ్వారు. మళ్లీ మొదలైంది. నాయన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. కాసేపు రెండో అరచేత్తో చూసుకున్నాడు.

"ఇప్పుడు వేరే ఆయన" అన్నాడు.

రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మరదలు రికార్డు వెనక్కి తిప్పి పెట్టడానికి వేలు చాపింది. ఆయన చూసి, వద్దని తల ఆడించాడు. తలుపు మాత్రం తెరవలేదు. మేమూ లేవలేదు. ముగ్గురం అలాగే కూర్చుని ఉన్నాం. మద్దెలాయన బాగా వాయిస్తున్నాడు. ఎడమ చెయ్యి ఎక్కడా వెనకబడలేదు.